ఆకు రాలు కాలమున సుఖాంతకథలు

సాహిత్యమున మహాకృతులను గూర్చి మనము తరచుగా ముచ్చటించుకొందుము. అల్పకృతులను గూర్చి మాటాడుటకు మాత్రము సంకోచింతుము. కాని ఒక జాతి తీరిక వేళలయందు దేనిని చూచి సేదదీరుచున్నదో, ఏటేట దేనిని మరల మరల కోరుచున్నదో తెలిసికొనవలెనన్నచో ఆ అల్పకృతులనే పరిశీలింపవలసియుండును. హరికథను, తోలుబొమ్మలాటను, వీథినాటకమును విడిచిపెట్టి, కేవలము ప్రబంధముల వలననే తెలుగు పల్లె మనస్సును గ్రహింపబోయినవారికి సగము సత్యమే దొరకును. అట్లే నేటి అమెరికా గృహస్థుని మనస్సు నెరుగగోరువారు అచ్చటి మహానవలలతో పాటు, సెప్టెంబరు మాసము మొదలుకొని ఆ దేశపు టెలివిజన్‌లో ప్రసారమగు చిన్న ప్రేమచిత్రములను కూడ ఒకింత శ్రద్ధతో చూడవలెను. ఆకులు పండి రాలు ఋతువు వానికి రంగస్థలము. గుమ్మడికాయల పండుగ వాని సంరంభము. ఇద్దరు మనుష్యులు ఒకటియగుట వాని ఫలశ్రుతి.

ఇట్టి చిత్రముల నిర్మాణమున పేరెన్నికగన్నది హాల్‌మార్క్ సంస్థ. దాని పుట్టుకకు నాటకముతో గాని, సినిమాతో గాని సంబంధము లేదు. 1910లో జాయిస్ హాల్ అను పదునెనిమిదేండ్ల యువకుడు కాన్సస్ సిటీ నగరమునకు వచ్చి, బొమ్మలు ముద్రించిన పోస్టుకార్డులను విక్రయింప మొదలిడెను. ఆ చిరువ్యాపారమే క్రమముగా శుభాకాంక్షల కార్డుల మహాసంస్థగా పెరిగినది. 1951లో క్రిస్మస్ ముందునాటి రాత్రి, మెనోటీ అను స్వరకర్త టెలివిజన్ కొరకే రచించిన 'అమాల్ అండ్ ది నైట్ విజిటర్స్' అను సంగీతరూపకము ఆ సంస్థ ప్రాయోజకత్వమున ప్రసారమైనది. 2001లో సంస్థ పేరుతోనే ఒక ప్రత్యేకమైన ఛానెల్ వెలసినది. 2009 నుండి క్రిస్మస్ చిత్రముల పరంపర మిక్కిలి ప్రసిద్ధి గాంచగా, దాని యడుగుజాడలలో ఆకు రాలు కాలపు చిత్రముల వరుస కూడ నెలకొన్నది.

ఈ వంశవృక్షమును గుర్తుంచుకొనినచో చిత్రముల స్వభావము సులభముగా బోధపడును. శుభాకాంక్షల కార్డు ఎవరిని నొప్పింపదు. అందేమున్నదో విప్పకముందే తెలిసియుండును. దానిని అందుకొనినవారు అందలి మాటల కొరకు గాక, తమ్మొకరు తలచుకొనిరను సంతోషము కొరకు దాచుకొందురు. ఈ చిత్రములును అట్టివే. రెండు గంటల ప్రసారమున వాణిజ్య ప్రకటనలు పోగా కథకు మిగులునది ఇంచుమించు 85 నిమిషములు. ప్రకటనల విరామములకు అనుగుణముగా కథను తొమ్మిది అంకములుగా విభజించుట పరిపాటి. చిత్రీకరణ మొత్తము సుమారు మూడు వారములలో ముగియును. కథ వెర్మాంట్‌లోనో, ఒహాయోలోనో జరిగినట్లు చెప్పినను, పెక్కు చిత్రముల ఛాయాగ్రహణము కెనడా దేశపు బ్రిటిష్ కొలంబియాలో జరుగును. నాయికానాయకుల చుంబనము కడపటి నిమిషముల కొరకు భద్రముగా నిలువయుంచబడును.

కథలను చూడుడు. 2016 నాటి 'పంప్‌కిన్ పై వార్స్' అను చిత్రమున ఇద్దరు ప్రాణస్నేహితురాండ్రు గుమ్మడికాయ వంటకపు పోటీలో కలహించి విడిపోవుదురు. ఒకే ఊరిలో ఇద్దరును ఎదురెదురు బేకరీలకు యజమానురాండ్రగుదురు. ఏండ్లు గడచిన పిమ్మట తల్లుల పక్షమున బిడ్డలు ఆ పోటీకి దిగి, పోటీలోనే ప్రేమలో పడుదురు. రోమియో జూలియట్ల వైరము ఇచ్చట కత్తులు లేని వంటయింటి వైరముగా మారినది. 2017 నాటి 'హార్వెస్ట్ లవ్' అను చిత్రమున భర్తను గోల్పోయిన ఒక శస్త్రవైద్యురాలు కుమారునితో తమ కుటుంబపు పియరుపండ్ల తోటకు వచ్చి, తోటను నడుపు యువకుని వలన మరల నవ్వుట నేర్చుకొనును. అదే సంవత్సరపు 'ఫాలింగ్ ఫర్ వెర్మాంట్' అను చిత్రమున కీర్తికి విసిగి పారిపోయిన ఒక రచయిత్రి, కారు ప్రమాదమున జ్ఞాపకశక్తిని గోల్పోయి, ఒక చిన్న ఊరి వైద్యుని యింట ఆశ్రయము పొందును. తానెవరో తనకు తెలియని దశలోనే తనకేది ప్రియమో ఆమెకు తెలియవచ్చును. మరపును కథకు ఇరుసుగా చేసికొనుట మనకు క్రొత్త కాదు. దుష్యంతుని మరపుపైననే గదా శాకుంతలము నిలిచియున్నది!

ఈ చిత్రములను తెలుగున పరిచయము చేయబూనినవారికి మొట్టమొదట ఎదురగు చిక్కు ఋతువు పేరు. ఉపాధ్యాయులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను. అమెరికావారు 'ఫాల్' అనియు, ఆంగ్లేయులు 'ఆటమ్' అనియు పిలుచు ఋతువు సెప్టెంబరు చివర మొదలై నవంబరు ముగియు వరకు సాగును. కాలగణనమును బట్టి దానిని మనవారు శరత్తని అనువదింతురు. కాని ఆకు రాలుటను బట్టి చూచినచో అది మన శిశిరము. మాఘ ఫాల్గుణములయందు మన చెట్లు ఆకులు రాల్చి నిలుచును. ఆశ్వయుజ కార్తికములయందు అవి వర్షధారలకు తడిసి పచ్చగా మిలమిలలాడుచుండును. కావున 'శరత్తు' అని వ్రాసినచో తెలుగు బాలుని కన్నులకు వెన్నెల, రెల్లుపూవు, తేటపడిన యేటినీరు కనబడును గాని రాలుటాకు కనబడదు. 'శిశిరము' అని వ్రాసినచో రాలుటాకు కనబడును గాని పంట యింటికి వచ్చు సంబరము కనబడదు. పాశ్చాత్యుల యా ఋతువున ఈ రెండును కలిసియున్నవి. కొట్టు నిండుటయు, కొమ్మ బోసిపోవుటయు ఏకకాలమున జరుగును. ఆ కలయికయే ఆ ఋతువునకు ప్రాణము. నిఘంటువు చూపు మాట సరియైనదే కావచ్చును; ఐనను ఆ మాట వెనుకనున్న నేల వేరు, గాలి వేరు అని చెప్పక విడిచినచో అనువాదపాఠము అసంపూర్ణమగును.

ఇక ఆ వర్ణశోభకు గల కారణమును కూడ తెలిసికొనుట మంచిది. వేసవియందు ఆకునకు పచ్చదనమునిచ్చు పత్రహరితము, పగళ్లు కురుచయై రాత్రులు చల్లబడగా క్షీణించును. అంతవరకు దాని మాటున దాగియున్న పసుపు, నారింజ వర్ణద్రవ్యములు అప్పుడు బయటపడును. ఎరుపు మాత్రము దాగియున్నది కాదు. మేపుల్ మొదలగు వృక్షముల ఆకులలో అది ఆ దినములయందే క్రొత్తగా తయారగును. పగటి యెండ, రాత్రి చలి రెండును చక్కగా కుదిరిన యేడు ఆ యెరుపు మరింత గాఢమగును. వెర్మాంట్ మొదలగు న్యూ ఇంగ్లండ్ రాష్ట్రములకు ఈ వర్ణములను చూచుటకే దూరప్రాంతముల నుండి యాత్రికులు వత్తురు. నేడు ఆ దేశమున చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు నివసించు వేలాది తెలుగువారికి ఈ దృశ్యము పరిచితమే. అనగా టెలివిజన్ చిత్రమున మనము చూచు వర్ణశోభ కట్టుకథ కాదు. అది ప్రకృతి సత్యము. దానిని చుట్టుకొనియున్న కథ యెంతవరకు సత్యమన్నదే ప్రశ్న.

కవులు ఈ ఋతువును చూచిన తీరు వేరు. 1819 సెప్టెంబరు 19వ తేదీన ఆంగ్లకవి కీట్స్ వించెస్టరు పట్టణ పరిసరములలో షికారు చేసి వచ్చి ఆటమ్ ఋతువుపై తన ప్రసిద్ధ గీతమును రచించెను. అప్పటికి అతని వయస్సు ఇరువది మూడేండ్లు. 1821 ఫిబ్రవరిలో అతడు రోము నగరమున క్షయవ్యాధితో మరణించెను. ఆ గీతము పండ్ల బరువుతో వంగిన కొమ్మలతో ఆరంభమై, కోతల మీదుగా నడచి, కోసిన పొలము, దక్షిణమునకు పయనమగు పక్షులతో ముగియును. నిండుదనము నుండి వీడ్కోలు వరకు గల దారిని అతడు మూడు చరణములలో చూపెను. ఎచ్చటను విలపింపలేదు, ఎచ్చటను దాచలేదు.

మన సాహిత్యమున శరత్తునకు గల స్థానము మరియొక విధమైనది. భారతాంధ్రీకరణమున నన్నయ కలము ఆగిన చోట శరద్రాత్రుల వర్ణనము కలదు. కొన్ని శతాబ్దములకు పిమ్మట ఎఱ్ఱన అరణ్యపర్వశేషమును అందుకొనినపుడు శరత్కాలపు ఉదయవర్ణనముతోనే మొదలిడెను. ఒక కవి రాత్రియందు విడిచిన ఋతువును వేరొక కవి తెల్లవారుజామున అందుకొనెను. తెలుగు విద్యార్థికి ఇంతకంటె చక్కని కొనసాగింపు మరియొకటి దొరకదు. మనకు శరత్తు తేటదనమునకును, పాశ్చాత్యులకు ఆటమ్ పరిపక్వతకును, వీడ్కోలునకును సంకేతములైనవి.

ఈ సందర్భమున కెనడా విమర్శకుడు నార్త్రప్ ఫ్రై చేసిన విభాగము గమనింపదగినది. 1957లో వెలువడిన 'అనాటమీ ఆఫ్ క్రిటిసిజమ్' అను గ్రంథమున అతడు నాలుగు ఋతువులకు నాలుగు కథారీతులను జతపరచెను. వసంతము సుఖాంతమునకు, గ్రీష్మము అద్భుతకథకు, ఆటమ్ విషాదాంతమునకు, హేమంతము వ్యంగ్యమునకు చెందునని అతని మతము. ఈ లెక్కను బట్టి హాల్‌మార్క్ చిత్రములు ఒక వింతపని చేయుచున్నవి. విషాదాంతమునకు తగిన ఋతువును తెచ్చి సుఖాంతమునకు వేదిక చేయుచున్నవి. రాలుటాకుల నడుమ పెండ్లిబాజా మ్రోగించుచున్నవి. ఇందు రసవిరోధము కలదా? లేక గ్రహింపదగిన రహస్యమేమైన కలదా?

మొదట వీని పక్షమున చెప్పదగిన మాట చెప్పుదము. "కథ ముందే తెలియును, అన్నియు ఒకే అచ్చులో పోసినట్లుండును" అను ఆక్షేపణ తరచుగా వినబడుచున్నది. తెలుగు సాహిత్యమును చదివినవారు ఈ ఆక్షేపణ చేయుటకు ముందు ఒక్క క్షణ మాలోచింపవలెను. అష్టాదశవర్ణనములను నియమముగా పెట్టుకొనిన ప్రబంధములు మనవి. పురవర్ణనము, ఋతువర్ణనము, చంద్రోదయము, విరహము, వివాహము వచ్చి తీరునని పాఠకుడు ముందే యెరుగును. రామాయణ హరికథకు వచ్చినవారిలో సీత తిరిగి వచ్చునా రాదా యని ఆందోళనపడు వారుందురా? తెలిసిన కథను వినుటలో ఒక విశ్రాంతి కలదు. "తరువాత ఏమగును?" అను ఆతురత తొలగినపుడు "ఎట్లగును?" అను ఆస్వాదనమునకు చోటు దొరకును. నియమము కళకు శత్రువు కాదు. పద్యమునకు గణయతిప్రాసలెట్టివో ఈ చిత్రమునకు గుమ్మడికాయల సంత, గడ్డిబండిలో షికారు, ఆపిలు రసము, ఉన్ని స్వెటర్ అట్టివి.

మన ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్నచో ఇవియన్నియు ఉద్దీపనవిభావములు. నాయికానాయకులు ఆలంబనము, ఋతువు, ఉద్యానము, వెన్నెల ఉద్దీపనము. ఈ చిత్రములయందు ఉద్దీపనము సమృద్ధిగా కలదు. అంతటి సమృద్ధి యున్నను రసము కొంతవరకే పండుచున్నది. కారణము సులభమే. శృంగారమునకు విప్రలంభము లేనిదే పుష్టి లేదని మన పెద్దలెరుగుదురు. ఈ కథలలో విప్రలంభము ఎనిమిదవ అంకమున ఒక పది నిమిషములపాటు, ఒక చిన్న అపార్థము వలన కలిగి, తొమ్మిదవ అంకమున సమసిపోవును. నాయికకు నిజముగా పోగొట్టుకొనవలసినది ఏదియు లేకుండుటచే పొందినదాని విలువయు మనకు పూర్తిగా తెలియదు. లోపము నియమమునందు కాదు, పణమునందున్నది. పందెములో ఏమియు ఒడ్డనివాని గెలుపు చూచుటకు ఇంపుగనే యుండును. గుండెను మాత్రము కదలింపదు.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ కథలలో నాయిక చాలవరకు నగరవాసిని. న్యాయవాదియో, వ్యాపారసంస్థలో అధికారిణియో, వైద్యురాలో అయియుండును. ఏదో యొక కారణమున చిన్న ఊరికి వచ్చును. అచ్చటి తీరిక, అచ్చటి నాయకుడు ఆమెను మార్తురు. తుదకు ఆమె నగరమును విడిచి ఆ ఊరిలోనే నిలుచును. ఇది ప్రాచీన నాటకకర్తలకు తెలిసిన దారియే కాని చివరి మలుపు వేరు. షేక్స్‌పియరు 'ఆజ్ యు లైక్ ఇట్' నాటకమున బహిష్కృతుడైన ప్రభువు ఆర్డెన్ అడవికి చేరును. అచ్చట ప్రేమలు చిగిర్చి, వైరములు మాసిపోవును. పిమ్మట ప్రభువును, అతని పరివారమును రాజ్యమునకు మరలుదురు. కాళిదాసు నాయకుడు కణ్వాశ్రమమున ప్రేమను, మారీచాశ్రమమున క్షమను పొంది రాజధానికి తిరిగి పోవును. వారికి అడవి మనస్సును కడుగుకొను తీర్థము. తీర్థమున స్నానము చేసినవాడు ఇంటికి పోయి తన ధర్మమును మరింత శుద్ధముగా నెరవేర్చవలెను. ఫ్రై కూడ ఇట్టి పచ్చని లోకమునకు పోయి మరలివచ్చుటయే షేక్స్‌పియరు సుఖాంతముల నడక యని చెప్పెను.

టెలివిజన్ నాయిక మరలిపోదు. ఇదియే ఈ చిత్రములు తమకు తెలియకయే వెల్లడించు రహస్యము. నగరమును బాగుచేయవచ్చునను నమ్మకము వీనికి లేదు. పనివేళలు మనుష్యుని మ్రింగివేయని ఉద్యోగము, పొరుగువాని పేరు తెలిసిన వీథి, పిల్లలతో కూర్చుండి భుజించు సాయంకాలము నగరమునందు కూడ సాధ్యమని ఇవి ఊహింపజాలవు. వీనిని పొందుటకు ఒకే మార్గము: అన్నియు వదలి వచ్చివేయుట. సుఖాంతమని మనము చూచునది లోతుగా చూచినచో ఒక నిరాశాపత్రము. దీనిని చూచి పగలంతయు పనిచేసి యలసిన గృహిణి, పాఠశాల ఉపాధ్యాయిని, ఆసుపత్రి పరిచారిక ఊరట పొందుచున్నారన్నచో వారిని పరిహసించుట తగదు. వారు కోరుచున్నది విలాసము కాదు. ధనము, రాజమందిరము ఈ కథలలో ప్రధానము కానే కావు. వారు కోరుచున్నది తీరిక, ఆదరము, నలుగురిలో ఒకరుగా బ్రతుకుట. మనుష్యునకు సహజముగా లభింపవలసిన ఈ మూడును ఊహాలోకపు వస్తువులైనవన్నచో విచారింపదగినది ఆ చిత్రము కాదు, ఆ జీవనము.

ఆ చిన్న ఊరి మాటయేమి? చిత్రమున తోట ఎల్లపుడును కాయును. బేకరీ ఎల్లపుడును నిండియుండును. అప్పు వచ్చినను పండుగనాటికి తీరిపోవును. వాస్తవము ఇట్లు లేదు. అమెరికాలో 1935లో 68 లక్షలుగా నుండిన వ్యవసాయక్షేత్రముల సంఖ్య 2022 గణనమునాటికి 19 లక్షలకు దిగినది. ఆ గణనమును బట్టి వ్యవసాయదారుని సగటు వయస్సు 58 సంవత్సరములు. పోస్టుకార్డులలో పచ్చగా నవ్వు వెర్మాంట్ రాష్ట్రమున 1947లో పదకొండు వేలకు పైగా పాడిక్షేత్రములుండగా నేడు వేయికి చాల లోపుగనే మిగిలినవి. అనగా నాయిక తిరిగి వచ్చు ఊరి నుండి వాస్తవమున జనులు పోవుచున్నారు. చిత్రమున ఎర్రని ఆకు రాలుచున్నది. ఆ చెట్టు క్రింది యిల్లు మూతపడుచున్న సంగతి మాత్రము చిత్రమున లేదు. కీట్స్ కోసిన పొలమును చూపెను. ఇవి కోతకు ముందే కెమెరాను ఆపివేయుచున్నవి.

ఆ ఊరిలో ఎవరికి చోటున్నది అను ప్రశ్న కూడ కలదు. బహుకాలము ఈ చిత్రములలో నాయికానాయకులు తెల్లవారే. 2019 డిసెంబరులో ఇద్దరు స్త్రీల వివాహమును చూపిన ఒక వాణిజ్యప్రకటనను హాల్‌మార్క్ ఛానెల్ మొదట తొలగించి, విమర్శ చెలరేగగా కొలది దినములలోనే తన నిర్ణయమును మార్చుకొని క్షమాపణ చెప్పినది. ఆ పిమ్మటి సంవత్సరములలో కథలలోని మనుష్యుల వైవిధ్యము పెరిగినది. ఎవరిని నొప్పింపకుండుటయే ధర్మముగా పెట్టుకొనిన సంస్థకు, మౌనము కూడ కొందరిని నొప్పించునను సంగతి అప్పుడు ఎదురైనది. ఆదరమునకు హద్దులు గీచిన ఊరు ఎంత అందముగా నున్నను పూర్తిగా ఆదరము గల ఊరు కాజాలదు.

మన విద్యార్థినులను దృష్టియందుంచుకొని మరియొక మాట చెప్పవలసియున్నది. ఈ కథలలో ఉద్యోగమును విడుచువారు సాధారణముగా స్త్రీలు. నాయకుడు తన తోటయందు, తన వడ్రంగపు కొట్టునందు స్థిరముగా నుండును. కదలి రావలసినది ఆమె. పల్లెకు మరలుట మంచిది కావచ్చును. ప్రేమ కొరకు త్యాగము చేయుటయు మంచిదే. కాని త్యాగము ఎల్లపుడు ఒకే వైపు నుండి వచ్చుచున్నచో దానిని త్యాగమనుటకంటె ఆచారమనుట సమంజసము. "ఆమె పనియందు ఆమెకు నిజమైన ప్రేమ ఉన్నదా? ఉన్నచో దాని గతి యేమైనది?" అను ప్రశ్నను మన బాలికలు ఏ కథను చూచినను, ఏ నవలను చదివినను వేసికొనుట నేర్వవలెను. ఆ ప్రశ్నను వేసికొనిన మాత్రమున కథ చెడిపోదు. మంచి కథ ఐనచో దానికి సమాధానము చెప్పును. కానిచో మౌనము వహించును. ఆ మౌనమే విమర్శకు ఆధారము.

ఇట్టి కథను మరింత నిబ్బరముగా చెప్పవచ్చుననుటకు మన తెలుగు చిత్రమొకటి సాక్ష్యము. 2017 సంక్రాంతికి విడుదలైన 'శతమానం భవతి' చిత్రమునందును పంటల పండుగయే సందర్భము. పచ్చని గోదావరి సీమయే వేదిక. యువతీయువకుల ప్రేమయు కలదు. ఐనను కథకు ఇరుసు ఆ ప్రేమ కాదు. విదేశములలో స్థిరపడి ఏండ్ల తరబడి రాని బిడ్డల కొరకు ఎదురుచూచు ముసలి దంపతుల ఒంటరితనమే ఇరుసు. బిడ్డలను రప్పించుటకు ఆ తండ్రి అసాధారణమైన ఉపాయము పన్నవలసి వచ్చినది. ఆ చిత్రమును మహాకావ్యమని ఎవరును అనరు. అదియును సుఖాంతమే, అందును అతిమాధుర్యము లేకపోలేదు. కాని పండుగ వెలుగునకు ఒక వెల యున్నదని, ఆ వెలను ఎవరో ముదుసలులు చెల్లించుచున్నారని అది మరువనీయలేదు. అందుచేతనే చూచినవారిలో పెక్కురు ఇంటికి పోయి తల్లిదండ్రులను తలచుకొని యుందురు. వినోదము ఆ మాత్రము పనిచేసినచో ధన్యమే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. విద్యార్థులు ఇట్టి చిత్రములను చూచుచున్నారని తెలిసినపుడు చిన్నచూపు చూచి మందలించుట వలన ప్రయోజనము లేదు. మందలించినచో చాటున చూతురు. దానికి బదులు ఆ చిత్రమునే పాఠముగా చేయవచ్చును. ఇందు ఆలంబనమేది, ఉద్దీపనమేది, విప్రలంభమునకు కారణమేది అని అడిగినచో అలంకారశాస్త్రము పరీక్షాపత్రము నుండి దిగి వారి ముంగిట నిలుచును. అటుపిమ్మట వారి యూరి శరత్తును వర్ణింపుమని చెప్పవలెను. తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మను పేర్చు తెలంగాణ బాలికకు రాలుటాకులను అరువు తెచ్చుకొనవలసిన పని లేదు. అట్లతద్ది తెల్లవారుజామున ఊయెలలూగిన కోస్తా బాలిక చెప్పవలసినది చాల కలదు. ఆ వర్ణనమున సంతోషమును మాత్రమే వ్రాయుమని చెప్పరాదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడి వేలాది ప్రాణములను బలిగొన్నది కూడ కార్తికమాసముననే. ఆ తీరపు పల్లెలలో శరత్తన్నచో వెన్నెలతో పాటు వాయుగుండపు వార్తయు జ్ఞాపకమునకు వచ్చును. ఋతువును ప్రేమించుటయనగా దాని రెండు ముఖములను ఎరుగుట.

విద్యార్థులకు చెప్పునదేమనగా, ఊరట నిచ్చు కథను ఊరట కొరకు చూచుట తప్పు కాదు. జ్వరపడినవానికి గంజి పథ్యము. ఆరోగ్యవంతుడు జీవితకాలమంతయు గంజితోనే గడపరాదు. ఒక సాయంకాలము గుమ్మడికాయల పండుగలో సుఖాంతము చూచినవారు మరియొక సాయంకాలము కీట్స్ గీతమును, నన్నయ విడిచిన శరద్రాత్రిని, ఎఱ్ఱన అందుకొనిన ఉదయమును తెరచి చూడవలెను. అప్పుడు రెండింటి నడుమ గల అంతరము ఎవరును చెప్పకయే తెలియును. మొదటిది మనము అలసియున్నామని గుర్తించి జోకొట్టును. రెండవది మనము మేలుకొనియుండగలమని నమ్మి మాటాడును.

పండుటాకును చూచి పసరుటాకు నవ్విన సామెత మనకు కలదు. ఈ టెలివిజన్ చిత్రములు పండుటాకును చూచి నవ్వవు. దాని వన్నెను మెచ్చుకొని, అది రాలునను సంగతిని మరపింపజూచును. ప్రకృతి ఈ రెండు పనులను చేయదు. ఆకు కొమ్మను విడుచుటకు ముందు తనలోని నత్రజనిని, ఇతర పోషకద్రవ్యములను చాలవరకు చెట్టునకు తిరిగి యిచ్చివేయునని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. వచ్చు వసంతపు చిగురునకు అది పెట్టుబడి. ఆ రాలుటలో నష్టమును కలదు, దానమును కలదు. ఈ రెంటిని ఒక్క కథలో చూపగల సుఖాంతము రచింపబడిన నాడు, అది ఎనుబది నిమిషముల టెలివిజన్ చిత్రమైనను సరే, సాహిత్యము దానికి సగౌరవముగా పీటవేయును.